డాక్టర్ సారును అడగవచ్చా?

ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి తీసుకుపోయిన మన రైతు ఊరికే నిలబడి ఉండడు. తూకం సరిగా వేశారా లేదా చూస్తాడు. తరుగు ఎందుకు తీశారని అడుగుతాడు. పక్క కుప్పకు ఎక్కువ పలికి తన కుప్పకు ఎందుకు తగ్గిందని కమీషన్ ఏజెంటుతో వాదిస్తాడు. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వర జాతరలో ఎద్దును కొనేటప్పుడు నోరు తెరిచి పళ్లు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు, కాడి కింద ఎట్లా పనిచేస్తుందో పదిమందిని విచారిస్తాడు. అదే మనిషి భార్యను ఆస్పత్రికి తీసుకుపోతాడు. "ఆపరేషన్ చేయాల, డబ్బులు చూసుకో" అని అంటే తలూపి బయటికి వచ్చి అప్పు కోసం ఫోన్లు మొదలుపెడతాడు. ఏం ఆపరేషన్, ఎందుకు, చేయకపోతే ఏమవుతుంది, మందులతో తగ్గదా అని అడగడు. ఎద్దు పళ్లు లెక్కపెట్టిన మనిషి ఇంటి మనిషి ఒంటి మీద కత్తి పెట్టేటప్పుడు నోరు మూసుకుంటాడు.

ఇది తెలివి లేక జరిగేది కాదు. తెలివి ఉందని యార్డులోనే తేలింది. మరి ఆస్పత్రి గడప దాటగానే ఆ నోరు ఎందుకు పడిపోతుంది? డాక్టరును ప్రశ్నించడం మర్యాద తప్పడమా? ప్రాణం నిలబెట్టే చేతిని అనుమానించడమా? లేక అడగకుండా ఉండడమే మనం మనకు చేసుకుంటున్న అన్యాయమా? ఈ వ్యాసంలో మనం తేల్చుకోవలసింది ఇదే. చదువుకున్న మన పిల్లలు, వాళ్లకు చదువు చెప్పే పంతుళ్లు దీని గురించి ఆలోచించాలని మా కోరిక.

మొదట మనం ఎందుకు అడగమో చూద్దాం. ఒక కారణం భాష. ఆదోని, ఎమ్మిగనూరు పక్కల తండాలలో ముసలి యాడి మాట్లాడేది గోర్ బోలి. ఎరుకల ఇళ్లల్లో వాళ్ల మాట వాళ్లకుంది. బజారులో తెలుగు, కన్నడం, ఉర్దూ కలిసి నడుస్తాయి. డాక్టరు గదిలో మాత్రం సగం ఇంగ్లీషు, సగం పుస్తకాల తెలుగు. నొప్పి ఎట్లా ఉందో తన మాటలో చెప్పుకోలేని మనిషి ప్రశ్న ఎట్లా అడుగుతుంది? రెండో కారణం తొందర. ఓపీ చీటీ పట్టుకుని వరుసలో రెండు గంటలు నిలబడితే డాక్టరు ముందు కూర్చునేది రెండు నిమిషాలు. వెనకాల ఇంకో యాభై మంది ఉంటారు. మూడో కారణం భయం. అడిగితే కోప్పడతారేమో, సరిగా చూడరేమో, కర్నూలు పెద్దాస్పత్రికి పొమ్మంటారేమో అని. నాలుగోది కృతజ్ఞత. ఎవరూ ముట్టుకోని ఒంటిని ఒక చదువుకున్న మనిషి ముట్టుకుని చూశాడంటే, అదే పదివేలు అనుకునే బతుకులు మనవి.

వీటన్నిటినీ కలిపి లోకం ఒక మంచి పేరు పెట్టింది. "గిరిజనులు అమాయకులు, డాక్టరును దేవుడిలాగా నమ్ముతారు" అంటారు. ఈ మాట మనకు పొగడ్త కాదు. నమ్మకం వేరు, దిక్కులేనితనం వేరు. వద్దనడానికి వీలున్నప్పుడు సరేననడం నమ్మకం. వద్దంటే ఏమవుతుందో తెలియక, వేరే దారి కనపడక తలూపడం దిక్కులేనితనం. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలాగా ఉంటాయి. రెండింటిలోనూ మనిషి మాట్లాడకుండా సంతకం పెడతాడు, లేదా వేలిముద్ర వేస్తాడు. లోపల మాత్రం రెండింటికీ భూమికీ ఆకాశానికీ ఉన్నంత దూరం.

ఆ దూరం ఎంత ఖరీదైనదో చెప్పడానికి గర్భసంచి ఆపరేషన్ల సంగతి చాలు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో లెక్క తీసింది. 15 నుంచి 49 ఏళ్ల వయసున్న ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 3.3 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 8.7 మంది. తెలంగాణలో 8.2 మంది. దేశంలో అన్నిటికంటే పైన ఉన్నవి మన రెండు తెలుగు రాష్ట్రాలే. అంతకు ముందు 2015-16 సర్వేలో కూడా ఆంధ్రప్రదేశ్‌దే పై స్థానం, నూటికి 8.9. దేశంలో ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆస్పత్రుల్లోనే జరిగాయి. ఆపరేషన్ జరిగిన నాటికి వయసు చూస్తే సగం మందికి 35 ఏళ్లు కూడా నిండలేదు.

మన ఆడవాళ్ల గర్భసంచులు మాత్రమే మిగతా దేశం కంటే రెండున్నర రెట్లు ఎక్కువగా చెడిపోతాయా? అట్లా అనుకోవడానికి కారణం లేదు. ఉమ్మడి రాష్ట్రంలో మెదక్ జిల్లా లంబాడా తండాల నుంచి కూడా ఈ గోడు పదిహేనేళ్ల కిందటే బయటికి వచ్చింది. అన్ని చోట్లా కథ ఒక్కటే. తెల్లబట్ట అవుతుందనో, నడుం నొప్పి అనో, నెలసరి ఎక్కువ పోతుందనో ఆడమనిషి ఊర్లో ఆర్‌ఎంపీ దగ్గరికి పోతుంది. అతను పట్నంలో తనకు తెలిసిన నర్సింగ్ హోమ్‌కు పంపుతాడు. అక్కడ స్కానింగ్ తీసి, "సంచి చెడిపోయింది, తీయకపోతే క్యాన్సర్ అవుతుంది" అంటారు. క్యాన్సర్ అనే మాట వినగానే ఇల్లంతా వణికిపోతుంది. పుస్తెలు కుదువకు పోతాయి. పిల్లలు పుట్టేశారు కదా, ఇంకా సంచి ఎందుకు అని ఇంట్లోవాళ్లే అంటారు.

ఆ గదిలో ఎవరైనా నాలుగు మాటలు అడిగి ఉంటే ఏమయ్యేది? తెల్లబట్ట అయితే చాలావరకు అది క్రిములవల్ల వచ్చేది, మందులతో తగ్గేది. క్యాన్సర్ ఉందా లేదా తెలుసుకోవడానికి గర్భాశయ ముఖద్వారం దగ్గర చేసే పరీక్షలు ఉన్నాయి. పరీక్ష చేశారా, ఫలితం ఏమొచ్చింది అని అడిగితే భయం బదులు ఒక కాగితం చేతికి వచ్చేది. సంచితో పాటు అండాశయాలు కూడా తీస్తారా అని అడిగితే అసలు సంగతి బయటపడేది. నెలసరి ఆగే వయసు రాకముందే రెండు అండాశయాలు తీసేస్తే ఒంట్లో ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోతుంది. ఒళ్లు ఆవిర్లు కమ్ముతాయి, ఎముకలు పెళుసవుతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. ఆఫీసులో కూర్చునే మనిషికే ఇది కష్టం. గుంటూరు మిరప చేలల్లో వంగి కాయ కోసే మనిషికి, బెంగళూరులో సిమెంటు తట్ట మోసే మనిషికి నడుం పోతే బతుకే పోతుంది. వలస పోయి సంపాదించి ఆపరేషన్ అప్పు తీర్చాలి, ఆపరేషన్ వల్ల వలస పనికి ఒళ్లు సహకరించదు. ఈ ముడిలో పడిన ఇళ్లు మన తండాలలో తక్కువ లేవు.

గర్భసంచి తీయడమే తప్పని మేము చెప్పడం లేదు. క్యాన్సర్ ఉన్నప్పుడు, కాన్పులో రక్తం ఆగనప్పుడు, మందులకు లొంగని పెద్ద గడ్డలున్నప్పుడు ఆ ఆపరేషనే ప్రాణం నిలబెడుతుంది. అవసరమైన ఆపరేషన్‌కూ అవసరం లేని ఆపరేషన్‌కూ తేడా తెలిసే ఒకే ఒక దారి ఎందుకని అడగడం. మంచి డాక్టరుకు ఆ ప్రశ్నతో నష్టం లేదు, జవాబు ఆయన దగ్గర ఉంటుంది. నష్టం జవాబు లేని వాళ్లకే. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో అనవసరంగా గర్భసంచులు తీశారని ఒక డాక్టరే సుప్రీం కోర్టుకు పోయారు. ఆయన పేరు నరేంద్ర గుప్తా. 2023 ఏప్రిల్ 5న కోర్టు తీర్పు చెబుతూ, ఇట్లాంటివి ఆపడానికి కేంద్ర ఆరోగ్య శాఖ తయారు చేసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులో పెట్టాలని రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. అంటే మొదటి ప్రశ్న అడిగింది డాక్టరే. ప్రశ్న డాక్టర్లకు శత్రువు కాదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఇంకో సంగతి పంతుళ్లు, హాస్టల్ వార్డెన్లు మరీ జాగ్రత్తగా వినాలి. 2009లో ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14,000 మందికి హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన అధ్యయనం అది. ఆ పిల్లలలో చాలామంది గిరిజన ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉన్నవాళ్లు. కొందరు పిల్లలు చనిపోవడంతో గొడవ మొదలై 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. ఆ చావులకూ టీకాకూ సంబంధం లేదని విచారణ కమిటీ తేల్చింది. ఆ టీకా నేడు ఎన్నో దేశాల్లో వేస్తున్నారు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకుంటుంది. కాబట్టి టీకా చెడ్డదని ఎవరూ అనుకోవద్దు.

తప్పు జరిగింది వేరే చోట. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 పత్రాల మీద వేలిముద్రలున్నాయి. 2,763 పత్రాల మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు. అమ్మానాన్నలు తండాల్లో, గూడేల్లో ఉండగానే వాళ్ల బిడ్డల ఒంటికి సరేనని ఇంకొకరు చెప్పేశారు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని గట్టిగా తప్పుపట్టింది. ఆ వార్డెన్లు చెడ్డవాళ్లు కాకపోవచ్చు. పై నుంచి కాగితం వచ్చింది, పిల్లలకు మేలని చెప్పారు, సంతకం పెట్టారు. ఇది ఎందుకు, ఇష్టం లేకపోతే మానుకోవచ్చా, తల్లిదండ్రులకు తెలుసా అనే మూడు మాటలు అడిగే అలవాటు లేకపోవడమే అక్కడ జరిగిన తప్పు. ప్రశ్నించలేని చోటునే ఇట్లాంటి పనులకు ఎంచుకోవడం కొత్త కాదు. అమెరికాలో టస్కిగీ అనే ఊర్లో 1932 నుంచి 1972 దాకా పేద నల్లజాతి మగవాళ్లకు సిఫిలిస్ జబ్బు ఉన్నా, మందు దొరికే రోజులు వచ్చినా, చెప్పకుండా, మందివ్వకుండా జబ్బు ఎట్లా ముదురుతుందో ప్రభుత్వ డాక్టర్లే చూస్తూ కూర్చున్నారు. నలభై ఏళ్లు.

మన ఒంటి మీద మన మాట లేకుండా ఎవరూ చేయి వేయకూడదనేది పెద్ద చదువుల మాట కాదు, మామూలు న్యాయం. సుప్రీం కోర్టు కూడా అదే చెప్పింది. ఢిల్లీలో ఒకామె పరీక్ష కోసమని మత్తు తీసుకుంది. మత్తులో ఉండగానే బయట కూర్చున్న తల్లిని అడిగి డాక్టరు ఆమె గర్భసంచి, అండాశయాలు తీసేసింది. సమీరా కోహ్లీ కేసుగా పేరుపడిన ఈ వివాదంలో 2008 జనవరి 16న తీర్పు వచ్చింది. పరీక్షకు ఒప్పుకుంటే ఆపరేషన్‌కు ఒప్పుకున్నట్టు కాదని, ప్రాణం మీదికి వస్తే తప్ప రోగి తానే ఒప్పుకోవాలని, ఒప్పుకునే ముందు ఆ వైద్యం ఏమిటి, లాభమేమి, ముప్పేమి, వేరే దారేమి అనేది ఆమెకు తెలియజెప్పాలని కోర్టు అంది. తల్లి సరేనన్నా చాలదు. అప్పుడు మన తండాల్లో మొగుడు సరేనన్నా, మామ సరేనన్నా, ఆర్‌ఎంపీ సరేనన్నా ఎట్లా చాలుతుంది? మంచం మీద పడుకున్న ఆడమనిషిని ఎవరూ అడగకపోవడం డాక్టరు గదిలో మొదలయ్యేది కాదు, మన ఇంట్లోనే మొదలవుతుంది. ఈ మాట మన మగపిల్లలు ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాలి.

ఇక్కడ కొందరు ఒక మాట అంటారు. "డాక్టరు ఎన్నో ఏళ్లు చదివాడు. పదో తరగతి తప్పినవాడు ఆయన్ను ఏం అడుగుతాడు? తెలిసినవాడే అడగాల గదా!" పైకి న్యాయంగానే ఉంది. దీనికి జవాబు హైదరాబాద్ కేసు ఒకటి చెబుతుంది. 2002 జులై 20న ఒకాయన చలిజ్వరంతో ఉన్న భార్యను ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చాడు. ఆయన రాష్ట్ర ప్రభుత్వ మలేరియా విభాగంలోనే ఉద్యోగి. ఆస్పత్రిలో టైఫాయిడ్‌కు మందులిచ్చారు. టైఫాయిడ్ పరీక్షలో ఆ జబ్బు లేదని వచ్చింది, మలేరియా పరీక్షలో ఉందని వచ్చింది. నాలుగు రోజులకు ఆమెను చావుబతుకుల మధ్య ఇంకో ఆస్పత్రికి మార్చారు. ఆమె బతకలేదు. భర్త జిల్లా వినియోగదారుల ఫోరానికి పోయాడు. ఫోరం 2 లక్షల పరిహారం ఇమ్మంది. పై కమిషన్లు కొట్టేశాయి. చివరికి 2010 మార్చి 8న సుప్రీం కోర్టు జిల్లా ఫోరం చెప్పిందే సరైనదని నిలబెట్టింది. ప్రతి కేసులోనూ వేరే డాక్టరు సాక్ష్యం తెమ్మని రోగులను తిప్పక్కర్లేదని కూడా చెప్పింది.

మలేరియా గురించి తెలిసిన మనిషికే న్యాయం దొరకడానికి ఎనిమిదేళ్లు పట్టింది. తెలిసినవాళ్లే అడగాలంటే ఇక మన తండా మనిషి ఎప్పటికీ అడగలేడు. అందుకే ఆ వాదన తప్పు. ప్రశ్న వేయడానికి తెలిసి ఉండాల్సిన పని లేదు. తెలియదు కాబట్టే ప్రశ్న. డాక్టరుకు జబ్బు గురించి తెలుసు. ఆ జబ్బు పట్టిన మనిషి గురించి ఆ మనిషికే తెలుసు. జ్వరం ఏ పొద్దున వచ్చి ఏ పొద్దున పోతుందో, ముందు ఏ మందు పడలేదో, ఆపరేషన్ తర్వాత ఎన్ని రోజులు బరువు ఎత్తకుండా బతకగలదో, ఇంట్లో ఎవరు వండుతారో డాక్టరు పుస్తకంలో ఉండదు. రెండు తెలివులు కలిస్తేనే వైద్యం. ఒకటి మాట్లాడుతూ ఒకటి మూగగా ఉంటే సగం వైద్యమే.

మన పెద్దల పద్ధతి చూసినా ఇదే కనిపిస్తుంది. తండాలో నసాబు కూర్చుంటే నాయక్, కారోబారి తీర్పు చెప్పేముందు రెండు పక్షాల మాటా వింటారు. ఎందుకట్లా అని అడిగినవాణ్ని నాయక్‌ను అవమానించాడని ఎవరూ అనరు. సోది చెప్పే ఎరుకలమ్మ కూడా చెయ్యి పట్టుకుని నాలుగు మాటలు విచారించిన తర్వాతే చెబుతుంది. పెద్దరికానికీ ప్రశ్నకూ పడదనే సంగతి మన ఇళ్లల్లో పుట్టింది కాదు. కచేరీ ముందు, పోలీసు స్టేషన్ ముందు, పట్నం కుర్చీల ముందు వంగి వంగి మనకు అంటుకున్న అలవాటు అది. నేరస్థ తెగలని ముద్ర వేసి ఎరుకలవాళ్లను, సుగాలీలను పోలీసు హాజరీలు వేయించిన కాలం మన తాతలు చూశారు. కుర్చీలో కూర్చున్నవాళ్లకు ఎదురుచెబితే ఏమవుతుందో ఆ కాలం బాగా నేర్పింది. ఆ చట్టం 1952లో పోయింది. ఆ భయం మాత్రం ఆస్పత్రి బెంచీ మీద ఇంకా కూర్చునే ఉంది.

ప్రశ్న అడగడమంటే గొడవ పెట్టుకోవడం కాదు. ఈ మాట గట్టిగా చెప్పాలి. మనిషి చనిపోగానే అద్దాలు పగలగొట్టడం, డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరు మీద చేయి చేసుకోవడం ప్రశ్న కాదు. ముందు అడగకుండా నోరు మూసుకున్న మనిషే చివరికి రాయి పట్టుకుంటాడు. మొదటి రోజు నోరు తెరిచి ఉంటే చాలాసార్లు ఆ రాయి అవసరమే రాదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని ఊరికే అనలేదు. అట్లాగే ప్రతి చావూ డాక్టరు తప్పు కాదు. ఎంత బాగా చూసినా కొన్ని ప్రాణాలు నిలవవు. వైద్యం ఫలించకపోయినంత మాత్రాన డాక్టరు నేరస్థుడు కాడని, క్రిమినల్ కేసు పెట్టేముందు సంబంధం లేని ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోవాలని 2005 ఆగస్టు 5న జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. అది న్యాయమే. సర్కారు ఆస్పత్రిలో ఒక్క డాక్టరే వందల మందిని చూస్తుంటే ఆయన ఓపిక తగ్గడం కూడా మనకు అర్థం కావాలి. అప్పుడు మన ప్రశ్న ఆయన మీదికి కాదు, ఖాళీ పోస్టులు నింపని ప్రభుత్వం మీదికి పోవాలి.

డాక్టరుకు వేసే ప్రశ్నే మన దగ్గరివాళ్లకూ వేయాలి. పోయిన ప్రతిసారీ సూది వేసి, గ్లూకోజు సీసా ఎక్కించి, కవరులో పేరు లేని రంగు బిళ్లలు పెట్టిచ్చే ఆర్‌ఎంపీని ఈ బిళ్ల ఏమిటని అడగాలి. నొప్పి వెంటనే పోతుందని స్టీరాయిడ్లు ఊరికే మింగితే ఎముకలు, షుగరు, బీపీ అన్నీ పాడవుతాయి. ఆకుపసరు ఇచ్చే మన సొంత వైద్యుణ్ని కూడా ఇది ఎన్ని రోజులకు తగ్గుతుంది, తగ్గకపోతే ఎప్పుడు ఆస్పత్రికి పోవాలని అడగాలి. మనవాళ్లని వదిలేసి పట్నం డాక్టరునే నిలదీస్తే అది న్యాయం కాదు, కక్ష.

అయితే భారమంతా రోగి మీదే వేయడం కూడా అన్యాయం. జ్వరంతో వణుకుతున్న మనిషిని, నొప్పులు పడుతున్న తల్లిని నువ్వెందుకు అడగలేదని తప్పుపట్టకూడదు. చెప్పడం డాక్టరు బాధ్యత. అడగకపోయినా చెప్పాలి. 2002 నాటి వైద్యవృత్తి నియమాల ప్రకారం రోగి గానీ అతని తరపువాళ్లు గానీ వైద్య రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. మందుల పేర్లు చదవడానికి వీలుగా రాయాలి. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారు చేసిన రోగుల హక్కుల పత్రంలో 17 హక్కులున్నాయి. జబ్బు గురించి తెలుసుకోవడం, ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోవడం, ఖర్చు ముందే తెలుసుకోవడం, డబ్బు కట్టలేదని శవాన్ని పట్టిపెట్టకుండా ఉండడం అందులో ఉన్నాయి. మన రాష్ట్రంలో ప్రైవేటు ఆస్పత్రులు తప్పనిసరిగా రిజిస్టర్ కావాలని 2002లోనే చట్టం వచ్చింది. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995 నవంబర్ 13న సుప్రీం కోర్టు తేల్చింది. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే, అంటే కర్నూలు జిల్లా కమిషన్‌లోనే, రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. ఆపరేషన్ బెంగళూరులోనో బళ్లారిలోనో జరిగినా సరే. ఫిర్యాదు 5 లక్షల లోపుదైతే ఫీజు లేదు. అందరికీ ఉచితంగా చేసే సర్కారు ఆస్పత్రికి ఈ చట్టం వర్తించదు. అక్కడ జిల్లా వైద్యాధికారికి, సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో, రాష్ట్ర వైద్య మండలికి రాసి ఇవ్వవచ్చు.

ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. కాగితాన్ని మనిషిగా మార్చేది ఎవరు? ఆ పని చదువుకున్న మన పిల్లలది. తండాలో డిగ్రీ చదివే ప్రతి పిల్ల, ప్రతి పిల్లాడు నెలకు ఒక్క రోగికి తోడుగా ఆస్పత్రికి పోతే చాలు. గోర్ బోలిలో విని తెలుగులో చెప్పాలి, తెలుగులో విని గోర్ బోలిలో చెప్పాలి. అడగాల్సినవి చాలా లేవు. ఈ జబ్బు పేరేమి? ఎట్లా తెలిసింది, ఏ పరీక్షలో? ఈ మందు గానీ ఆపరేషన్ గానీ ఎందుకు? వేరే దారి ఉందా? ఏమీ చేయకపోతే ఏమవుతుంది? మొత్తం ఖర్చెంత, వైద్యసేవ కార్డు మీద అవుతుందా? ప్రాణం మీదికి వచ్చింది కాకపోతే ఇంకో మాట కూడా అనాలి, "సారూ, ఇంటికిపోయి ఆలోచించుకుని వస్తాం" అని. చీటీలు, స్కానింగ్‌లు, బిల్లులు అన్నీ ఒక సంచిలో పెట్టి ఇంట్లో దాచాలి. కొత్త డాక్టరుకు ఆ సంచే సగం జబ్బు చెబుతుంది. మన ప్రాంతం షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. మనకోసం వేరే ఆస్పత్రి, వేరే దుబాసీ ఎవరూ పెట్టరు. మన దుబాసీలు మన పిల్లలే.

పంతుళ్లకు చివరగా ఒక మాట. అడగనిదే అమ్మయినా పెట్టదని పిల్లలకు చెబుతాం. అదే పిల్ల తరగతిలో లేచి "సార్, అది ఎందుకట్లా?" అంటే కూర్చోమంటాం. ఇంకోసారి అడిగితే బెత్తం చూపిస్తాం. ఆరో తరగతిలో ప్రశ్నకు దెబ్బ తిన్న పిల్ల ముప్పై ఏళ్లకు ఆపరేషన్ బల్ల పక్కన నోరు తెరవదు. తెరవమని ఏ కోర్టు చెప్పినా తెరవలేదు. డాక్టరు ముందు అడిగే గొంతు ఆస్పత్రిలో తయారు కాదు, బడిలో తయారవుతుంది. పాఠం మధ్యలో ఒక తండా పిల్ల చెయ్యెత్తితే పాఠం ఆలస్యమవుతుందని చూడకండి. ఆ చెయ్యి రేపు ఏ కాగితం మీద సంతకం పెట్టాలో, ఏ కాగితాన్ని వెనక్కి తోయాలో నేర్చుకుంటున్నది ఆ నిమిషంలోనే.